చిన్న ఇల్లు, చిన్న కుక్క: సికింద్రాబాద్ పరిసరాలకు తగిన జాతి ఎంపిక

సికింద్రాబాద్‌లో కుక్కను పెంచుకోదలచిన కుటుంబం సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: చిన్నగా ఉండి, ఎక్కువ శ్రమ పెట్టని జాతి ఏది? ప్రశ్న సహజమైనదే. మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక వంటి ప్రాంతాలలో పెరడు, వసారా ఉన్న పాత ఇళ్లు తొలగి, వాటి స్థానంలో నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పిల్లలు ఉద్యోగరీత్యా దూరదేశాలలో స్థిరపడగా ఎన్నో ఇళ్లలో మిగిలినవారు ఇద్దరు వృద్ధులు. వారికి తోడు కావాలి. ఆ తోడు భారం కాకూడదు. అయితే ఈ ప్రశ్నకు ఒక జాతి పేరు చెప్పి ఊరుకోవడం, నేల స్వభావం, నీటి వసతి, విత్తే అదను తెలుసుకోకుండా 'మంచి వరి రకం ఏది?' అన్న రైతుకు ఒక రకం పేరు చెప్పి పంపడం వంటిది.

విస్తరణ రంగంలో ఉన్నవారికి ఈ పోలిక కొత్త కాదు. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబమసూరికి గింజ నాణ్యతలో ఉన్న పేరు అందరికీ తెలిసిందే. అదే రకం అగ్గితెగులుకు, బాక్టీరియా ఎండు తెగులుకు సులభంగా లొంగుతుందన్నదీ అంతే తెలిసిన విషయం. గింజను చూసి ఎంచుకున్నవారు తెగులును కూడా ఎంచుకున్నట్లే. జన్యురూపానికీ పరిసరాలకూ మధ్య జరిగే పరస్పర చర్యే దిగుబడిని నిర్ణయిస్తుందని తరగతి గదిలో బోధించే సూత్రం కుక్కల విషయంలోనూ అక్షరాలా వర్తిస్తుంది. 'శ్రమ తక్కువ' అనేది ఏ జాతి రక్తంలోనూ విడిగా ఉండే లక్షణం కాదు. అది జాతికీ, ఇంటికీ, ఊరి వాతావరణానికీ మధ్య కుదిరే పొత్తు.

పరిమాణం కంటే ముక్కు ముఖ్యం

సికింద్రాబాద్ దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు అనేకం. కుక్క సహజ శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీలు. అంటే ఆ రోజుల్లో బయటి గాలి కుక్క శరీరం కంటే వేడిగా ఉంటుంది. గాలిలోకి నేరుగా వేడిని వదిలే మార్గం మూసుకుపోతుంది. మిగిలేది ఆవిరి ద్వారా చల్లబడడం ఒక్కటే. మనిషికి ఒళ్లంతా చెమట గ్రంథులున్నాయి. కుక్కకు అటువంటివి ప్రధానంగా పాదాల మెత్తలకే పరిమితం. కాబట్టి అది నోరు తెరిచి, నాలుక చాచి, నిమిషానికి రెండు మూడు వందలసార్లు వగరుస్తుంది. ముక్కు లోపల మడతలు పడిన పలుచని ఎముకలపై ఉండే తడిపొర మీదుగా గాలి వేగంగా పోయినప్పుడు నీరు ఆవిరై రక్తం చల్లబడుతుంది.

ఎయిర్ కూలర్ పనిచేసే సూత్రమూ ఇదే. మే నెల పొడిగాలిలో కూలర్ గదిని బాగా చల్లబరుస్తుంది. జూన్ మొదట్లో మబ్బుపట్టి గాలిలో తేమ పెరగగానే అదే కూలర్ ఉక్కపోతను పెంచుతుంది. గాలిలో ఆవిరి పీడన లోటు తగ్గడమే దీనికి కారణం. వగర్చే కుక్కకూ ఇదే ఇబ్బంది. థర్మామీటరు 37 చూపినంత మాత్రాన, తొలకరి ముందరి ఉక్కరోజు 42 డిగ్రీల పొడిరోజు కంటే కుక్కకు సులువైనదని అనుకోవడానికి వీలులేదు.

ఇప్పుడు ముఖం చదునుగా, ముక్కు పొట్టిగా ఉండే జాతులను తలచుకుంటే విషయం స్పష్టమవుతుంది. పగ్, షిహ్ ట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకినీస్ ఈ కోవకు చెందినవి. వీటి పుర్రె ఎముకలు కుదించుకుపోయాయి. లోపలి మెత్తటి కణజాలం మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఇరుకైన నాసారంధ్రాలు, పొడవైన మెత్తటి అంగిలి గాలి దారిని అడ్డుకుంటాయి. చల్లబడేందుకు ఎక్కువ బలంగా ఊపిరి పీల్చవలసి వస్తుంది; ఆ శ్రమ మరింత వేడిని పుట్టిస్తుంది. నిద్రలో పగ్ గురక పెడుతుంటే ముద్దుగా ఉందని వీడియో తీసేవారు వింటున్నది నిజానికి ఆ అడ్డంకి చప్పుడునే.

మన దేశంలో పగ్‌కు ఆదరణ ఎలా వచ్చిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2003లో హచ్ మొబైల్ సంస్థ ప్రకటనలో ఒక బాలుడి వెంట ఎక్కడికైనా నడిచివెళ్లిన చిన్న కుక్క అది. ప్రకటనలో చూపించినది కొద్ది నిమిషాల నడక. జీవితమంతా నడవవలసిన కుక్కల సంగతి వేరు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒక రుగ్మతకు గురయ్యే అవకాశం పగ్‌లలో ఇతర కుక్కలకంటే దాదాపు 1.9 రెట్లు ఎక్కువని తేలింది. అది బ్రిటన్ చల్లదనంలో నమోదైన సంఖ్య అన్నది గమనించాలి. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి, ముక్కు పొడవు తల పొడవులో మూడోవంతుకు తగ్గిన కుక్కల సంతానోత్పత్తిపై ఆంక్షలున్నాయి. చల్లని దేశాలే వెనుకాడుతున్న శరీర నిర్మాణాన్ని దక్కను ఎండలకు తెచ్చి, 'అపార్ట్‌మెంట్‌కు అనువైనది' అని అమ్మడం సమంజసం కాదు. రోజంతా ఏసీ నడిపితే తప్ప బతకని కుక్కను శ్రమ తక్కువ కుక్క అని ఏ లెక్కన అనగలం? కరెంటు పోయిన రెండు గంటలు దానికి ప్రాణసంకటం.

సాంబమసూరి విషయంలో శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి చేర్చి, 2008లో మెరుగైన సాంబమసూరిని అందించాయి. శునకజాతుల నమోదు పద్ధతిలో ఆ వెసులుబాటు తక్కువ. వంశావళి పుస్తకంలో లేని రక్తం జాతిలోకి రాకూడదన్న నియమమే అక్కడ బలమైనది. అందుచేత లోపం కూడా వంశపారంపర్యంగా భద్రంగా ఉండిపోతుంది.

మిగిలిన చిన్న జాతులు

పొట్టిముక్కు జాతులను పక్కన పెడితే, నగరంలో విరివిగా కనిపించే చిన్న కుక్కల్లో మొదట చెప్పవలసినది స్పిట్జ్. మన ఇళ్లలో దశాబ్దాలుగా 'పొమెరేనియన్' అని పిలుచుకుంటున్న తెల్లని బొచ్చుకుక్కల్లో అత్యధికం నిజానికి ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ పాలనాకాలంలో జర్మన్ స్పిట్జ్ నుంచి ఇక్కడే రూపుదిద్దుకున్న జాతి ఇది. 1994లో వచ్చిన హిందీ చిత్రం 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో అందరినీ ఆకట్టుకున్న టఫీ ఈ జాతిదే. బొచ్చు చూసి ఎండకు తట్టుకోలేదనుకుంటారు గాని, ముక్కు తగినంత పొడవుగా ఉండడం, తరతరాలుగా ఈ గాలిలోనే పెరగడం దీనికి కలిసివచ్చాయి. ఇంట్లో వండిన తిండితో, మధ్యాహ్నం నీడపట్టున గచ్చుపై పడుకుని వేసవి గడిపేస్తుంది. వేసవి రాగానే బొచ్చును చర్మం వరకు గొరిగించడం మాత్రం తప్పు. రెండు పొరల బొచ్చు ఎండకు కూడా అడ్డుగా నిలుస్తుంది. వారానికి మూడు నాలుగుసార్లు దువ్వి రాలిన లోపలి పొరను తీసివేస్తే చాలు.

స్పిట్జ్‌తో ఉన్న చిక్కు అరుపు. లిఫ్టు ఆగినా, కాలింగ్ బెల్ మోగినా, ఎదురింటి చెప్పుల చప్పుడైనా అరుస్తుంది. ఒంటరి వృద్ధులకు అది ఒక విధంగా కాపలా. గోడకవతల పరీక్షలకు చదువుకునే పిల్లవాడికి మాత్రం శిక్ష. పెంపుడు కుక్కలను నివాసితుల సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతమాత్రాన ఇరుగుపొరుగు ఓర్పును పరీక్షించవచ్చని కాదు. తొలి ఆరు నెలల్లోనే చప్పుళ్లకు అలవాటు చేయడం యజమాని వంతు.

డాక్స్‌హండ్‌ను పొట్టి బొచ్చు, చిన్న ఆకారం చూసి ఎంచుకుంటారు. ముక్కు పొడవైనదే, వేడితో ఇబ్బంది తక్కువే. దాని బలహీనత వీపులో ఉంది. కాళ్లను పొట్టిగా చేసిన జన్యుమార్పు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలను కూడా చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. సోఫా మీదనుంచి దూకిన ఒక్క దూకుతో వెనుక కాళ్లు చచ్చుబడిన సందర్భాలు పశువైద్యులకు పరిచితమే. లిఫ్టు లేని మూడో అంతస్తు ఇంటికి ఇది తగదు. బరువు పెరగనీయకపోవడం ఈ జాతికి ఆరోగ్య సలహా కాదు, నిత్యావసరం. బీగిల్ అందమైనది, స్నేహశీలి. కాని వాసన పట్టి గంటలకొద్దీ పరిగెత్తడానికి తీర్చిదిద్దిన వేటకుక్క. దానిని రెండు గదుల ఇంట్లో కట్టిపడేస్తే చెప్పులు, దిండ్లు, చివరకు తలుపు చట్రాలు కూడా మిగలవు. మినియేచర్ పిన్షర్ పొట్టి బొచ్చుతో వేడికి బాగానే ఓర్చుకుంటుంది. చురుకుదనం మాత్రం ఎక్కువ. చివావా మరీ సున్నితం. చిన్న పిల్లలున్న ఇంట్లో దాని ఎముకలకు భద్రత లేదు. చిన్న జాతులన్నింటికీ ఉమ్మడిగా ఉన్న సమస్యలు పళ్లు కిక్కిరిసి చిగుళ్లు చెడడం, మోకాలి చిప్ప పక్కకు తప్పడం. కొన్నింటిలో శ్వాసనాళం బలహీనం కనుక మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడడం మేలు.

ఇక అన్నిటికంటే తక్కువ శ్రమతో పెరిగే కుక్క అమ్మకాల జాబితాలో కనిపించదు. అది మన ఊరకుక్క. పరిమాణంలో చిన్నది కాదు, మధ్యస్థం. పొట్టి బొచ్చు, పొడవైన ముక్కు, నిటారు చెవులు, సన్నని నడుము: ఈ ఎండలే వడపోసి మిగిల్చిన ఆకారం. చిన్న ఇంటికి చిన్న కుక్కే కావాలన్న సూత్రమేమీ లేదు. ఉదయం సాయంత్రం సరైన నడక దొరికితే పదిహేను కిలోల శాంతమైన కుక్క, అయిదు కిలోల అశాంత కుక్క కంటే తక్కువ చోటులో ఒదుగుతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయిన తర్వాత నగరంలో ఊరకుక్క అన్న మాటే భయం పుట్టిస్తోంది. ఆ భయం అకారణమని చెప్పడం ఆ కుటుంబానికి అన్యాయం. అయితే గుంపుగా, ఆకలితో వీధిలో పెరిగిన కుక్కకూ, పసితనంలోనే ఇంటికి చేరి మనుషుల మధ్య పెరిగిన అదే రక్తపు కుక్కకూ ప్రవర్తనలో పోలిక తక్కువ. జన్యురూపం ఒకటే, పరిసరాలు వేరు. 1992లో హైదరాబాద్‌లో మొదలైన బ్లూ క్రాస్ వంటి సంస్థల నుంచి ఇటువంటి పిల్లలను, పెద్ద కుక్కలను దత్తత తీసుకోవచ్చు.

తెలుగు నేలకు తనదైన కుక్క కూడా ఒకటుంది. కొల్లేరు పరిసరాల జోనంగి. నునుపైన పొట్టి బొచ్చు, నుదుట ముడతలు, నేలలో గుంట తవ్వుకుని అందులో చల్లగా పడుకునే అలవాటు దీని ఆనవాళ్లు. బాతుల మందలను తోలడానికి దీనిని వాడేవారు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు విస్తరించి, బాతుల పెంపకం తగ్గిన కొద్దీ దీని సంఖ్య కూడా తగ్గింది. తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ కుక్కలు కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదుకెక్కాయి. దేశవాళీ వంగడాల సేకరణలో ఆరితేరిన మన విశ్వవిద్యాలయాలకు జోనంగిపై క్షేత్ర పరిశీలన ఒక మంచి పరిశోధనాంశం కాగలదు. అపార్ట్‌మెంట్ కోసం దానిని సిఫారసు చేయడం మాత్రం తొందరపాటు. ఒకరిద్దరికే అలవాటుపడే, విశాలమైన చోటు కోరే కుక్క అది.

తిండి, పిడుదు

పెరుగన్నం తిని పెరిగిన కుక్కలు మన ఇళ్లలో ఎన్నో. దీనికి శాస్త్రీయమైన ఆధారం కొంత లేకపోలేదు. తోడేలుకు పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు రెండే ఉండగా, పెంపుడు కుక్కల్లో అవి అనేక రెట్లు పెరిగాయని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మనిషి వ్యవసాయం నేర్చిన తర్వాత కుక్క కూడా ధాన్యం తినడం నేర్చుకుంది. కాని అరగడం వేరు, సరిపోవడం వేరు. పెరుగన్నం మాత్రమే పెడితే నాణ్యమైన మాంసకృత్తులు, కొన్ని ఖనిజలవణాలు, విటమిన్లు చాలవు. గుడ్డు, ఉడికించిన కోడిమాంసం చేర్చడం సులభమైన మార్గం. శాకాహార కుటుంబాలు పశువైద్యుని సలహాతో సమతుల దాణా ఎంచుకోవలసి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన పప్పు, సాంబారు, కూరలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా ప్రమాదకరమే.

పరిమాణం విషయంలో లెక్క వేసి చూడడం మంచిది. కుక్క బరువును కిలోలలో తీసుకుని, 0.75 ఘాతానికి పెంచి, 70తో గుణిస్తే విశ్రాంతి శక్తి అవసరం కిలో కేలరీలలో వస్తుంది. అయిదు కిలోల కుక్కకు ఇది సుమారు 234. ఇంట్లో తిరిగే, సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిన పెద్ద కుక్కకు దీనికి 1.6 రెట్లు, అంటే రోజుకు 375 చాలు. ఒక గ్లూకోజ్ బిస్కెట్‌లో సుమారు 20 కిలో కేలరీలుంటాయి. తాతగారు కాఫీతో పాటు ఒకటి, అమ్మమ్మగారు టీవీ ముందు ఒకటి, ఇలా రోజుకు నాలుగు పెడితే అయిదో వంతు తిండి అక్కడే అయిపోయింది. రెండు వేల కిలో కేలరీలు తినే మనిషి లెక్కలో అది నాలుగు వందలకు పైబడిన చిరుతిండి. చిన్న కుక్కలు లావెక్కేది గిన్నెలో పెట్టిన అన్నంతో కాదు, ప్రేమతో చేతికందించిన బిస్కెట్లతో.

వేసవి తర్వాత ఇక్కడి కుక్కలకు పెద్ద శత్రువు గోధుమరంగు పిడుదు. ఎర్లికియా, బబీసియా జ్వరాలను ఇది మోసుకువస్తుంది. ఈ పిడుదుకు ఇంటి లోపలే జీవిత చక్రం పూర్తిచేసుకోగల శక్తి ఉంది. రక్తం తాగి బరువెక్కిన ఆడ పిడుదు కుక్కను వదిలి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేసి గోడను వదిలేస్తే, పొలంలో మొక్కకు మందు కొట్టి గట్టు మీది కలుపును వదిలేసినట్లే. పొట్టి బొచ్చు కుక్కపై పిడుదును చెవుల వెనుక, వేళ్ల మధ్య వెతికి పట్టుకోవడం రెండు నిమిషాల పని. షిహ్ ట్జు బొచ్చులో అదే పని అరగంట. పొలం ఉన్న కుటుంబాలు చేసే ఒక ప్రమాదకరమైన పనిని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. పంటకు వాడే క్లోరిపైరిఫాస్ వంటి మందును నీళ్లలో కలిపి కుక్కపై పోయడం విషప్రయోగమే. చిన్న కుక్కకు శరీర బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం ఎక్కువ. విషం త్వరగా ఎక్కుతుంది.

ఎక్కడ కొనాలి, ఎన్నేళ్లకు

విత్తనం కొన్నప్పుడు బిల్లు, లాట్ నంబరు, లేబుల్ చూడమని రైతుకు చెప్పే మనం కుక్కపిల్ల విషయంలో అంత జాగ్రత్త చూపం. 2017 నాటి శునక సంతానోత్పత్తి, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారుడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మరాదు. ఈ గడువు ఊరికే పెట్టినది కాదు. మూడు నుంచి పన్నెండు వారాల మధ్య కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకుంటుంది. అందులో మొదటి భాగం తల్లి వద్ద, తోబుట్టువుల మధ్య జరగాలి. ముందే విడదీసిన పిల్ల కరిచే బలాన్ని అదుపు చేసుకోవడం నేర్వదు. తల్లిని, అది ఉన్న చోటును చూపించడానికి నిరాకరించే అమ్మకందారు వద్ద కొనకపోవడమే ఉత్తమం. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై పదహారు వారాల వరకు విడతలుగా సాగుతాయి. రేబిస్ టీకా మూడో నెలలో, తర్వాత ఏటా. 1885లో లూయీ పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేసిన జులై 6న పశుసంవర్ధక శాఖ ఉచిత టీకా శిబిరాలు నిర్వహిస్తుంది.

చిన్న జాతి కుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. అరవై ఎనిమిదేళ్ల వ్యక్తి ఈనాడు తెచ్చుకున్న పిల్ల, ఆయనకు ఎనభై దాటేవరకు ఉంటుంది. పిల్లకుక్క తొలి ఏడాది రాత్రులు లేవాలి, గచ్చు తుడవాలి, పళ్లు వచ్చే వయసులో చేతులు కొరికించుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడే వృద్ధులకు ఆ చిన్న గాయాలు కూడా చిన్నవి కావు. అటువంటి ఇంటికి నాలుగైదేళ్ల వయసున్న, స్వభావం తెలిసిన, టీకాలు, శస్త్రచికిత్స పూర్తయిన కుక్కను దత్తత తీసుకోవడం అన్ని విధాలా అనుకూలం. పిల్లగా ఉన్నప్పుడు ఊహించవలసిన పరిమాణం, అరుపు, ఓర్పు అన్నీ అప్పటికి కళ్ల ముందే ఉంటాయి.

మరొక విషయం. సికింద్రాబాద్ వృద్ధ దంపతుల్లో అనేకులు కూతురి పురుడుకో, మనవల ఆలనకో ఆరు నెలలు అమెరికా వెళ్లివస్తుంటారు. కుక్కను తెచ్చుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న జాతి గురించి కాదు, ఆ ఆరు నెలల గురించి. వెంట తీసుకుపోదామంటే పొట్టిముక్కు జాతులను సరుకు విభాగంలో ఎక్కించుకోవడానికి చాలా విమానయాన సంస్థలు ఒప్పుకోవు. బోర్డింగ్ కేంద్రాల ఖర్చు ఆరు నెలలకు తక్కువేమీ కాదు. చివరకు పనిమనిషి ఇంటికో, వాచ్‌మన్ గదికో చేరిన కుక్క, అక్కడినుంచి వీధికి చేరిన కుక్క ప్రతి కాలనీలోనూ కనిపిస్తుంది. మెడలో పాత పట్టీ, చిక్కులు కట్టిన బొచ్చుతో గేటు దగ్గర కూర్చునే ఆ కుక్క తరచు ఖరీదైన జాతిదే. కనుక ఇరుగుపొరుగులో ఒకరితోనైనా ముందే మాట తీసుకుని, పిల్ల ఇంటికి వచ్చిన మొదటి నెలనుంచే వారానికి ఒక పూట వారింట ఉంచి అలవాటు చేయాలి. పశువైద్యుని నంబరు, టీకా కార్డు, రోజువారీ తిండి కొలత ఒక కాగితంపై రాసి వారికి ఇచ్చి ఉంచాలి.